హోల్డ్ అన్నవాడు

రాకెట్ ఎగిరింది. కంట్రోల్ రూములో అందరూ ఒకరినొకరు కౌగిలించుకున్నారు. పెంచలప్రసాద్ మాత్రం బాత్రూములోకి పోయి వాంతి చేసుకున్నాడు.

ఎగరబోయే ముందు అతని తెర మీద ఒక అంకె ఊగింది. ఆక్సిజన్ ట్యాంకులో ఒత్తిడి చెప్పే అంకె అది. ప్రమాదపు గీత దాటలేదు కానీ గీత దగ్గరే తచ్చాడింది. అతనికది నచ్చలేదు. ఎగరేయొచ్చా అని ఒక్కొక్కరినీ అడుగుతూ వస్తుంటే ఇంతలో అతని వంతు వచ్చింది. ముందు వాళ్ళందరూ చెప్పిన మాటే అతనూ చెప్పాడు.

"గో."

రాకెట్టుకేమీ కాలేదు. చేరాల్సిన చోటికి చేరింది. కంపెనీలో మిఠాయిలు పంచారు. ఆ రోజు నుంచి పెంచలప్రసాద్‌కి అన్నం సయించడం మానేసింది.

ఆదివారం బస్సెక్కి వెంకటగిరి పోయాడు, తన గురువు బుజ్జమ్మ దగ్గరికి.

వెంకటగిరిలో మగ్గాల వీధి చివర ఒక పెంకుటిల్లుంది. అది అచల మఠం. విగ్రహం లేదు, హారతి లేదు. కదలకుండా ఉన్నదేదో దాన్ని తెలుసుకోవాలనేదే వాళ్ళ మతం. గోడవారగా ఒక తాటాకు చాప. అదే పీఠం. వెనకటి గురువు పోతూ పోతూ దాన్ని బుజ్జమ్మకు అప్పగించాడు. మొగుడు పోయిన ఆడది పీఠమెక్కడమేందని కొందరు లేచారు. "చాప గదబ్బా ఇది. ఎక్కేదేముంది, కూసునేదే," అని ఆమె కూర్చుంది. లేచినవాళ్ళు వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి ఒకరిద్దరు తిరిగొచ్చారు. వాళ్ళలో కోటయ్య ఒకడు. ఇప్పుడు మఠం పనులన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయి.

పెంచలప్రసాద్ వెళ్ళేసరికి బుజ్జమ్మ వసారాలో కాళ్ళు చాపుకుని చింతపండులో ఈనెలు తీస్తూంది.

"ఏందబ్బయా, మొహం అట్టుండాది? రాకెట్టు పోయిందంట గదా."

"పోయిందమ్మా."

"మరింకేంది?"

అతను జరిగింది చెప్పాడు. ఊగిన అంకె సంగతి, తన వంతు సంగతి, నోట్లోంచి వచ్చిన మాట, రాని మాట. ఆమె ఈనెలు తీయడం ఆపకుండానే వింది.

"ఆ రాని మాట ఏందన్నావు?"

"హోల్డ్."

"అంటే?"

"ఆగండి అని. కౌంట్‌డౌన్ నడిచేటప్పుడు ఎవరికి అనుమానం వచ్చినా ఆ మాట అనొచ్చు. అనగానే గడియారం ఆగిపోతుంది."

"ఎవురైనానా? పెద్దాయనే అనాల్నా?"

"ఎవరైనా. నిన్న చేరినవాడన్నా సరే. ముందు ఆపుతారు. ఎందుకని తర్వాత అడుగుతారు. అది పద్ధతి."

బుజ్జమ్మ చెయ్యి ఆగింది. "మంచి పద్ధతే. మన మతంలో లేదే ఇది," అంది.

పక్కన విస్తళ్ళు కుడుతున్న కోటయ్య నవ్వాడు. "మనది అచలం, వాళ్ళది రాకెట్టు. పొత్తెట్ట కుదురుతాదమ్మా?"

ఆమె ఆయన వైపు చూడలేదు. "మరి నువ్వెందుకనలా?" అని పెంచలప్రసాద్‌ని అడిగింది.

"అందరూ గో అంటున్నారమ్మా. నేనొక్కణ్ణే ఆపి, తీరా చూస్తే అక్కడేమీ లేకపోతే? నవ్వరా?"

"ఏమీ లేదనే గదా తేలింది ఇప్పుడు."

"అవును. అదే నాకర్థం కావడం లేదు. తప్పేమీ జరగలేదు. మరి నాకెందుకమ్మా ఇంత తప్పు చేసినట్టుంది?"

బుజ్జమ్మ చింతపండు ముద్దని జాడీలోకి వత్తింది. జవాబేదో చెబుతుందని అతను కాచుకున్నాడు.

"దీపాలు పెట్టినాక తత్త్వాలు పాడతాం. ఉండి పో," అంది.

ఆ సాయంత్రం మఠం నిండింది. మగ్గాలు ఆపి వచ్చిన మగవాళ్ళు, మగ్గానికి నూలు ఆసు పోసి వచ్చిన ఆడవాళ్ళు. బుజ్జమ్మ తాళాలు అందుకుంది. ఆమె ఒక చరణం పాడితే అందరూ అదే చరణాన్ని తిరిగి పాడతారు. ఆ తత్త్వం అక్కడ అందరికీ నోటికి వచ్చిందే.

*ఎరుక లేని మొక్కు రాతికే చెల్లు*
*ఎదుట నిలిచి అడుగు, ఎవ్వరైతే నేమి*

మొదటిసారి అలాగే పాడింది. రెండోసారి గొంతులో ఏ తేడా లేకుండా మాట మార్చింది.

*ఎరుక లేని మొక్కు రాతికే చెల్లు*
*ఎదుట నిలిచి అడుగ నెవ్వడవు నీవు*

తత్త్వం అర్థమే తల్లకిందులయింది. తాళం తప్పలేదు. జనం క్షణం తడబడ్డారు, తర్వాత ఆమె పాడినట్టే పాడారు. పెంచలప్రసాద్‌కి నాలుక మీద ఆ మాట అడ్డం పడింది. పక్కన కూర్చున్న మగ్గాల వీధి సుభద్రమ్మ వైపు చూశాడు. సుభద్రమ్మ అతని వైపు చూసింది. ఇద్దరూ తలలు వంచి పాడారు.

బుజ్జమ్మ మళ్ళీ అదే పాడింది. ఈసారి ఎవరూ తడబడలేదు. ఆ తర్వాత గొంతు పెంచి పాడింది. అందరూ గొంతులు పెంచారు. కోటయ్య కళ్ళు మూసుకుని, తన్మయంగా, అందరికన్నా పైస్థాయిలో పాడాడు.

ఆమె తాళాలు కింద పెట్టింది.

"పెంచలా, మాట మారింది తెలిసిందా?"

"తెలిసిందమ్మా."

"ఎప్పుడు?"

"మార్చగానే."

ఆమె మోకాళ్ళ మీద చేతులు ఊని లేచింది. జనం మధ్యగా నడిచి వెళ్ళి, గుమ్మం పక్కన చెప్పులు విడిచే చోట కూలబడింది. తాటాకు చాప ఖాళీగా మిగిలింది.

"అమ్మా, అక్కడ కూసుంటారేంది?" కోటయ్య కంగారుగా లేచాడు.

"నేనేం పాడితే అది పాడేదానికి చాప మీద నేనెందుకు? టేప్‌రికార్డరు పెట్టుకోండి."

"గురువు నోట తప్పొస్తే మేమెట్ట చెప్పేదమ్మా?"

"ఈ అబ్బయి యాడ్నుంచో ఒక మాట తెచ్చినాడు గదా. అదనండి."

ఎవరూ నోరు తెరవలేదు. ఆమె లేవనూ లేదు. చివరికి సుభద్రమ్మ, సగం సిగ్గుతో సగం ఏడుపుతో, "హోల్డమ్మా, ఆ చరణం తప్పు," అంది. బుజ్జమ్మ లేచి వచ్చి చాప మీద కూర్చుని సరైన చరణం ఎత్తుకుంది.

ఆ మాట అలా మఠంలోకి వచ్చింది. వచ్చింది ఊరికే ఉండలేదు. వంటశాలలో కోటయ్య రెండోసారి ఉప్పు వేయబోతే హోల్డ్ అన్నారు. బుజ్జమ్మ బోధ చేస్తుంటే ఒక నేతగాడు, "హోల్డమ్మా, పోయిన పున్నమికి ఇంకో రకంగా చెప్పినారే," అన్నాడు. ఆమె ఆగి, ఆలోచించి, "అవునబ్బయా, ఈ పొద్దు చెప్పిందే తప్పు," అంది. సుభద్రమ్మ కూతురైతే పెళ్ళిచూపుల్లో కాఫీ గ్లాసుల పళ్ళెం కింద పెట్టి, తాంబూలాలు అందుకోబోతున్న తండ్రితో హోల్డ్ అందట. మగ్గాల వీధంతా నవ్వింది. అయితే ఆ ఇంట్లో ముందు తాంబూలాలు ఆపారు, ఎందుకని తర్వాత అడిగారు.

పెంచలప్రసాద్ వీలైన ఆదివారమల్లా వచ్చేవాడు. తను తెచ్చిన మాట అందరి నోళ్ళలో ఆడుతుంటే వినేవాడు. తను మాత్రం ఒక్కసారీ అనలేదు. ఒకరోజు కోటయ్య మళ్ళీ రెండోసారి ఉప్పు వేస్తుంటే చూస్తూ కూడా ఊరుకుని, ఆ కూర తిన్నాడు.

రెండో రాకెట్ వంతు వచ్చింది.

ప్రయోగానికి ముందు రోజు పెద్దాయన ఉదయశంకర్ పిలిచాడు. కంపెనీని తన చేతులతో నిలబెట్టిన మనిషి. చెడ్డవాడు కాడు. కళ్ళ కింద నల్లగా ఉంది.

"ప్రసాద్, రిహార్సల్‌లో ఆ అంకె మళ్ళీ ఊగిందటగా?"

"అవును సార్. ఒకసారి విప్పి చూస్తే..."

"విప్పితే వారాలు పోతాయి. పోయినసారీ ఊగింది. ఏమైంది? ఎగిరింది. రేపు మంత్రిగారొస్తున్నారు. ఇది ఆగితే ఈ కంపెనీకి ఇంకో రోజుంటుందో లేదో నాకు తెలీదు. నీ దగ్గర్నుంచి గో తప్ప ఇంకో మాట వినపడకూడదు."

అలాగైతే నన్నడగడం దేనికి సార్, అని పెంచలప్రసాద్ అనలేదు. తల ఊపి బయటికొచ్చాడు.

మర్నాడు ఎండ బాగా కాసింది. సముద్రం మీద గాలి కూడా లేదు. అద్దాల గదిలో మంత్రిగారు, వెనక దండల బుట్టలు. రాకెట్ కడుపు నిండా ఇంధనంతో, చల్లటి పొగ వదులుతూ నిలబడి ఉంది. గోడ మీద అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి.

పెంచలప్రసాద్ తెర మీద అంకె మాత్రం ఊగుతోంది. గీత దాకా పోయి వెనక్కి వస్తోంది. ట్యాంకు పగిలితే ఏమవుతుందో అతనికి తెలుసు. అవతల తీరంలో వలలు ఆరేసుకున్న పల్లెలున్నాయని కూడా తెలుసు.

ఇయర్‌ఫోన్లో గొంతు ఒక్కొక్కరినీ వరసగా అడుగుతూ వస్తోంది. జవాబులూ వరసగానే వస్తున్నాయి. గో. గో. గో. ఆ లయ అతను మఠంలో ఎరిగినదే. తాళం తప్పకుండా సాగుతోంది.

"ఆక్సిజన్?"

"హోల్డ్."

గొంతు పీలగా, ఎవరిదో అయినట్టు వచ్చింది. గోడ మీద అంకెలు ఆగిపోయాయి. గదిలో తలలన్నీ అతని వైపు తిరిగాయి.

"ప్రసాద్, సరిగా వినపడలేదు. మళ్ళీ చెప్పు," అన్నాడు ఉదయశంకర్.

వినపడింది. గదికంతా వినపడింది. వెనక్కి తీసుకోమని ఇచ్చిన సందు అది.

"హోల్డ్ సార్."

"ఒక్క నిమిషం ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించుకునే చెప్తున్నా. హోల్డ్." ఈసారి గొంతు అతనిదే. "నేనీ కుర్చీలో ఉన్నంతసేపు ఇది కదలదు సార్."

కదల్లేదు. వాదనలయ్యాయి, ఫోన్లయ్యాయి. పద్ధతి ప్రకారం, హోల్డ్ అన్నవాడే సరేనంటే తప్ప గడియారం నడవకూడదు. అతను సరేననలేదు. ఆ రోజుకి ఎగరాల్సిన వేళ కాస్తా దాటిపోయింది. ఇంధనం తోడేశారు. మంత్రిగారు కారెక్కారు. దండలు బుట్టల్లోనే ఉండిపోయాయి.

తర్వాత అంతా విప్పి చూశారు.

ట్యాంకులో ఏ లోపమూ లేదు. ఒత్తిడి కొలిచే పరికరానికి పోయే ఒక తీగ వదులైంది. ఊగింది ఒత్తిడి కాదు, తీగ. ఆ రోజు వదిలేసినా రాకెట్ నిక్షేపంలా ఎగిరేది. తీగ బిగించి, పెంచలప్రసాద్ కుర్చీలో వేరొకణ్ణి కూర్చోబెట్టి ఎగరేస్తే ఎగిరింది కూడా. కంపెనీకేమీ కాలేదు.

అతను దేనికి భయపడి మొదటిసారి నోరు మూసుకున్నాడో, అదే జరిగింది. కాంటీన్‌లో అతను సాంబారు గరిటె ఎత్తితే వెనక నుంచి ఎవరో "హోల్డ్!" అని అరిచేవారు. గది ఘొల్లుమనేది. పత్రికలో ఎవరో కార్టూన్ వేశారు. అయితే ఒక వింత జరిగింది. వాళ్ళు నవ్వుతుంటే అతను సాంబారు పోసుకుని, అన్నం కలుపుకుని, కడుపు నిండా తిన్నాడు.

చివరికి ఒక కాగితం చేతికిచ్చారు. అనుభవలేమి వల్ల అనవసరంగా ప్రయోగం ఆపానని, అది నా తప్పని, ఇకమీదట పైవారి అనుమతి లేకుండా ఆ మాట అననని. సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే లేదు.

అతను ఆ కాగితం తీసుకుని మఠానికి వచ్చాడు.

ఆ మధ్యాహ్నం వసారాలో చాలామందే ఉన్నారు. బుజ్జమ్మ చాప మీద ఉంది. పెంచలప్రసాద్ కాగితం చదివి వినిపించాడు.

"పెట్టేయ్ నాయనా," అన్నాడు కోటయ్య. "కాగితం ముక్క. కాగితంలో ఆత్మ ఉండాదా, పరమాత్మ ఉండాదా?"

బుజ్జమ్మ ఇంకోసారి చదవమంది. చదివాడు. ఆమె కాగితం వైపు కాకుండా అతని వైపు చూసింది.

"మీ అమ్మ ఎట్టుండాది?"

"వారానికి రెండుసార్లు డయాలసిస్ నడుస్తోందమ్మా. నెల్లూరు తీసుకుపోతున్నా."

"చెల్లెలు?"

"నర్సింగ్ చదువుతోంది."

"ఇంట్లో ఇంకెవురన్నా సంపాదిస్తా ఉండారా?"

"లేదమ్మా. నేనే."

ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. వీధిలో ఎక్కడో మగ్గం ఆడుతున్న చప్పుడు.

"సంతకం పెట్టబ్బయా," అంది.

పెంచలప్రసాద్ సరిగా విన్నానా అని చూశాడు. కోటయ్య అప్పటికే జేబులోంచి పెన్ను తీసి చేతిలో పెట్టాడు. అతను కాగితం మోకాలి మీద పరుచుకున్నాడు. గురువు చెప్పింది. చిన్నప్పుడు తండ్రి లారీ కింద పడి పోయిన ఏడు, అవ్వ అతన్ని ఈ చాప ముందుకే తెచ్చి కూర్చోబెట్టింది. అప్పటి నుంచి ఈమె మాట అతను జవదాటలేదు.

పెన్ను కాగితం మీద ఆనింది. అక్కడే ఆగింది.

"పెట్టనమ్మా."

"నేను చెప్తా ఉండా."

"మీరు చెప్పినా పెట్టను." అతను పెన్ను కాగితం మీది నుంచి ఎత్తాడు. "తీగ వదులైందని ఆ రోజు నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. ఆ అంకె రేపు మళ్ళీ అట్లా ఊగితే నేను మళ్ళీ ఆపుతాను. ఎల్లుండి ఊగినా ఆపుతాను. ప్రతిసారీ తీగే వదులై ఉన్నా సరే, ఆపుతాను. అది నా తప్పని నేనే రాసిచ్చాననుకోండి. ఇప్పుడు నా కుర్చీలో ఒకబ్బాయి కూర్చున్నాడు. వాడికి అనుమానం వస్తే నోరు తెరుస్తాడా? నా సంతకం చూపించి వాడి నోరు మూయిస్తారు. అమ్మకి డయాలసిస్ ఎట్లా అంటే నాకు తెలీదు. ఏదో ఒకటి చేస్తాను. ఇది మాత్రం పెట్టను."

"గురువు మాటకి ఎదురా!" కోటయ్య గుండె మీద చెయ్యేసుకున్నాడు.

ఆ కాగితం సంతకం లేకుండానే వెనక్కి పోయింది. ఉద్యోగమూ పోయింది. పెంచలప్రసాద్ చాలాకాలం నాయుడుపేటలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాడు, రాత్రిళ్ళు మెడికల్ షాపులో నిలబడ్డాడు. తల్లిని మాత్రం ఒక్క వారమూ తప్పకుండా నెల్లూరు తీసుకుపోయాడు. అదంతా తర్వాతి సంగతి. ఆ మధ్యాహ్నం అతను కాగితం నాలుగు మడతలు పెట్టి, పెన్ను కోటయ్యకి తిరిగిచ్చి, తలెత్తి గురువు కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు.

బుజ్జమ్మ కూడా అతన్నే చూస్తూ ఉంది. ఆమె కళ్ళు తడిశాయి.

కోటయ్య ఆమెని చూశాడు, అతన్ని చూశాడు. ఆయన మొహం ఒక్కసారిగా విప్పారింది.

"ఓహో! అమ్మ పరీక్ష పెట్టింది! ఇప్పుడర్థమైంది నాకు. పెంచలా, నెగ్గినావు పో!"

వసారాలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో చేతులు జోడించారు. "మహాతల్లి," అంది ఒకామె వెనక నుంచి.

బుజ్జమ్మ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"పరీక్షా లేదు, గిరీక్షా లేదు కోటయ్యా. వాళ్ళమ్మ తలపుకొచ్చి భయమేసింది. నిజంగానే పెట్టమన్నా."

మళ్ళీ మెల్లగా అంది.

"వాడు ఆపినాడు. నేను ఆగినా."